రైలు బాబాయి

"డిబ్రూగఢ్ ఎలా ఉంది బాబాయ్?" అని అడిగాను.

"బాగుందిరా. ప్లాట్‌ఫారాలు శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు.

ఊరి సంగతి కూడా చెబుతాడేమోనని కాసేపు చూశాను. చెప్పలేదు. చెప్పడానికి ఆయన ఊళ్లోకి వెళితేగా! రాత్రి రైలు దిగి, రిటైరింగ్ రూములో పడుకుని, మర్నాడంతా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బండ్లు చూసి, సాయంత్రం అదే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెనక్కి వచ్చేశాడు. తేయాకు తోటలు చూడలేదు. బ్రహ్మపుత్ర సంగతి అడిగితే, "వెళ్లేటప్పుడు వంతెన మీంచి చూశాంగా, మళ్లీ ఎందుకూ?" అన్నాడు. పక్కనే ఉన్న పిన్ని ఏమీ అనలేదు. చేటలో బియ్యం మాత్రం కొంచెం గట్టిగా చెరిగింది.

మా బంధువులందరికీ ఆయన రైలు బాబాయి. రైల్వేలో చేసి రిటైరయ్యాడనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. సాగునీటి శాఖలో ముప్ఫై నాలుగేళ్లు కాలవల లెక్కలు రాశాడు. కాకపోతే పుట్టి పెరిగింది బెజవాడ సత్యనారాయణపురంలో, పట్టాల పక్కన. ఆ పట్టాలు తీసేసి, వాటి చోట బీఆర్‌టీఎస్ రోడ్డు వేసి చాలాకాలమైంది. బాబాయి మాత్రం ఇప్పటికీ ఆ రోడ్డు దాటాలంటే ముందు ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, చెవి రిక్కించి వింటాడు, అప్పుడు దాటతాడు. వెనకాల ఆటోలవాళ్లు హారన్లు కొట్టి తిడుతుంటారు. "గేటు వెయ్యలేదు కదా అని వెళ్లిపోకూడదురా" అంటాడు నాతో.

అందరూ ఊరెళ్లడానికి రైలెక్కుతారు. బాబాయి రైలెక్కడం కోసం ఊరు వెతుకుతాడు. ఆ ఊరు ఎంత దూరముంటే అంత మంచి ఊరు. తిరుపతి వెళదామంటే ఆయనకి ఉత్సాహం రాదు, "కునుకు పట్టేలోపు దిగమంటారు" అంటాడు. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ దాకా నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు పోయే వివేక్ అంటే ప్రాణం. కన్యాకుమారి నుంచి వైష్ణోదేవి కట్రా దాకా పోయే హిమసాగర్ అంటే గౌరవం. సర్క్యులర్ జర్నీ టిక్కెట్టని ఒకటుందనీ, బయల్దేరిన స్టేషనుకే తిరిగొచ్చేలా దారి మనమే గీసుకోవచ్చనీ, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా ఆగొచ్చనీ నాకు చెప్పింది ఆయనే. "బయల్దేరిన చోటికే వచ్చేదానికి వెళ్లడమెందుకు బాబాయ్?" అన్నాను. నన్ను చూసి జాలిపడ్డాడు. ప్రదక్షిణం చేసేవాణ్ణి ఎవరైనా ఆ మాట అడుగుతారా అన్నాడు.

వెనకటికి రిజర్వేషను 120 రోజుల ముందు చేసుకోనిచ్చేవారు. 2024 నవంబరు ఒకటి నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఆ వార్త వచ్చిన రోజు బాబాయి మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. బ్లాకులో టిక్కెట్లమ్మేవాళ్లకి ముకుతాడు పడుతుందని నేను సర్దిచెప్పబోయాను. "అది సరేరా. నాలుగు నెలలు ఎదురుచూసే సుఖాన్ని రెండు నెలలకి కోసేశారు కదా" అన్నాడు. ఆ ఎదురుచూపులో ఆయన చేసే పని చదవడం. భక్తులు భాగవతం చదివినట్టు రాత్రిళ్లు పాత 'ట్రైన్స్ ఎట్ ఎ గ్లాన్స్' పుస్తకాలు చదువుతాడు. ఎప్పుడో రద్దయిన రైలు కనబడితే చదవడం ఆపి కాసేపు మౌనంగా కూర్చుంటాడు.

2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్ నుంచి విశాఖకి వందే భారత్ మొదలైంది. ఎనిమిదిన్నర గంటల్లో తీసుకెళుతుందని ఊరంతా సంబరపడుతుంటే బాబాయి కాగితం, పెన్ను తీసి లెక్క వేశాడు. "ఎక్కువ డబ్బులిచ్చి తక్కువ రైలు ఎక్కడమేంట్రా?" అన్నాడు. రైలు ఆలస్యమైతే అదే టిక్కెట్టు మీద ఇంకో నాలుగు గంటలు కలిసొచ్చినట్టు ఆయన లెక్క. కొసరు వేసిన కూరగాయలమ్మిని చూసినట్టు సిగ్నలు స్తంభాన్ని ఆప్యాయంగా చూస్తాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి పల్లకీ కట్టించుకుని కాశీకి బయల్దేరి పదిహేను నెలలకి ఇల్లు చేరాడని నేను చెబితే, ఆ కష్టం తలుచుకుంటాడనుకున్నాను. "పదిహేను నెలలా! అదృష్టవంతుడు" అన్నాడు.

కొడుకు ముచ్చటపడి ఒకసారి విమానంలో ఢిల్లీ పంపించాడు. అక్కడ దిగి ఇంటికి ఫోను చేసిన గొంతు, సంతలో జేబు కొట్టేయించుకున్నవాడి గొంతు. "కిటికీలోంచి చూస్తే అన్నీ మబ్బులే. ఒక్క స్టేషను లేదు" అన్నాడు. తిరుగు విమానం టిక్కెట్టు రద్దు చేసుకుని గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు. 1929లో మొదలైనప్పుడు ఆ రైలు పెషావర్ నుంచి మంగళూరు దాకా నడిచిందట. ఆ మాట చెప్పి, "మనం పుట్టకముందే అన్నీ అయిపోయాయి" అని నిట్టూర్చాడు.

ఇక పిన్ని. ఇంట్లో బాబాయికి మంచినీళ్ల గ్లాసు కూడా చేతికందించాలి. అదే మనిషి బోగీలో అడుగు పెడితే చాలు, పంచె ఎగ్గట్టి, సంచులు సీటు కిందికి తోసి, గొలుసు వేసి తాళం బిగించి, గాలి దిండు ఊది, మరచెంబు కిటికీ దగ్గర పెట్టి, స్టేషను వస్తే దూకి టీ తెచ్చి, "వేడిగా ఉంది, జాగ్రత్త" అని కూడా అంటాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట ఇంట్లో ఒక్కసారీ వినలేదట పిన్ని. మనవడు ఈమధ్య ఎక్కడో నేర్చుకొచ్చి, "తాతయ్య రైల్ ఫ్యానంట కదా నానమ్మా" అన్నాడు. "అవున్రా, పాత నీలం బోగీల్లో ఉండేది చూడు, దువ్వెనతో పొడిస్తే గానీ తిరగని ఫ్యాను. ఆ రకం" అంది పిన్ని.

అరకు తీసుకెళ్లాడని విని వెళ్లి కాఫీ తోటలెలా ఉన్నాయని అడిగితే ఆవిడే చెప్పింది. ఆ దారిలో 58 సొరంగాలంటారు. బాబాయి చేతివేళ్ల మీద లెక్కపెడుతూ కూర్చున్నాడు. మధ్యలో ఈవిడ జంతిక ఇచ్చింది. చివరికి 57 వచ్చాయి. జంతిక వేళకి ఒకటి జారిపోయిందని తీర్మానించి, లెక్క సరిచూడ్డానికి మరుసటి నెల మళ్లీ వెళ్లారు. ఈసారి జంతికలు డబ్బాలోంచి బయటికి తియ్యనివ్వలేదు.

నా మేనల్లుడి అడ్మిషను పని మీద నేను ఖరగ్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. "తోడొస్తాంరా" అన్నాడు బాబాయి. నాకు తోడెందుకో ఒకళ్లనొకళ్లం అడగలేదు. ఏసీలో చేస్తానంటే ఒప్పుకోలేదు. "ఏసీ కిటికీ తెరుచుకోదు. గోదారికి రూపాయి ఎలా వేస్తావు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. స్లీపర్లోనే వెళ్లాం.

రాజమండ్రి ముందు గోదారి వస్తుందనగా పిన్ని చిల్లర తీసి తలా ఒక రూపాయి పంచింది. ఎదురు బెర్తు వాళ్లకీ ఇచ్చింది. రైలు వంతెన మీదికి ఎక్కగానే బాబాయి కళ్లు మూసుకున్నాడు. దణ్ణం పెడుతున్నాడనుకున్నాను. వింటున్నాడు. "కమాను వంతెన. 1997" అన్నాడు కళ్లు తెరవకుండానే. పైన రోడ్డున్న 1974 నాటి వంతెనైతే ఇనుము దడదడలాడుతుందట, ఇది కాంక్రీటు కాబట్టి గొంతు నిండుగా ఉంటుందట. తొంభై ఏడులోనే సెలవు తీసుకున్న పాత హావెలాక్ వంతెన చప్పుడు ఎలా ఉండేదో నోటితో చేసి వినిపించాడు. ఆ వినిపించే సందట్లో ఆయన రూపాయి చేతిలోనే ఉండిపోయింది. గోదారి దాటిపోయింది. ఇప్పటికీ అది ఆయన పర్సులో వేరే అరలో ఉంది, బాకీ కింద.

రాత్రి పొద్దుపోయాక ఎవరో నా కాలి బొటనవేలు పట్టుకుని లాగారు. దొంగేమోనని ఉలిక్కిపడి లేచాను. "లే లే, విశాఖపట్నం. ఇంజను మారుస్తున్నారు" అన్నాడు బాబాయి, కృష్ణాష్టమి రాత్రి ఉయ్యాల ఊపడానికి పిల్లల్ని లేపినంత హడావిడిగా. అక్కడ లోపలికొచ్చిన రైలు వెనక్కి తిరిగి బయటికి పోవాలి. వెనకవైపు నుంచి ఇంజను నెమ్మదిగా వచ్చి, ఒక మూర దూరంలో ఆగి, మళ్లీ కదిలి, బోగీని తాకింది. పెద్ద చప్పుడేమీ లేదు. తలుపు గడియ పడినట్టు, అంతే. బాబాయి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. నిద్ర చెడిందన్న కోపంలో ఉన్నాను గానీ, పెళ్లిపీటల మీద తెర దించే క్షణంలా అదేదో బాగానే ఉంది. ఈ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే ప్రతి జంక్షన్లోనూ లేపుతాడు.

ఖరగ్‌పూర్‌లో దిగి నేను నా పనికి పోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పిన్ని బెంచీ మీద మోకాళ్లకి మందు రాసుకుంటోంది. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించాడట. "1,072 మీటర్లురా. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగు ఇదే. తర్వాత గోరఖ్‌పూర్ మించింది. 2023లో హుబ్బళ్లి. అది 1,507" అన్నాడు బాబాయి, ఆ మీటర్లన్నీ తనే దగ్గరుండి పోయించినట్టు.

"హుబ్బళ్లికి మాత్రం నేను రాను. ముందే చెబుతున్నా" అంది పిన్ని.

తిరుగు ప్రయాణంలో ఒక సంగతి గమనించాను. బాబాయి కిటికీ దగ్గర కూర్చుని స్టేషను బోర్డుల మీదుండే సముద్రమట్టం ఎత్తులు నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని మధ్యమధ్య తలెత్తి చూస్తున్నాడు. ఎవరూ అడగడం లేదు. వెనకటికి బోగీలో ఆయన చుట్టూ సభ జరిగేదట. ఇదే స్టేషనండీ, ఎంత లేటండీ, భోజనం ఎక్కడ దొరుకుతుందండీ అని. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది. ఒక కుర్రాడైతే కిటికీ వంక చూడకుండానే "పలాస దాటాం" అని ప్రకటించాడు. బాబాయి నోరు తెరిచి మూసుకున్నాడు. జీడిపప్పు పొట్లాల వాడు వస్తే, అడక్కుండానే రెండు కొన్నాడు.

ఏడేళ్ల పాప ఒకతి మాత్రం దొరికింది. పట్టాల పక్కన పసుపుపచ్చ పలక మీద నల్లటి అక్షరాలు చూపించి అదేంటంది. "డబ్ల్యూ బై ఎల్. ముందు గేటుంది, కూత వెయ్యమని డ్రైవరుకి చెప్పడం. ఇప్పుడు చూడు, నేను చెప్పగానే కూస్తాడు" అని చిటికె వేశాడు. రైలు కూసింది. పాప కళ్లు పెద్దవయ్యాయి. ఇంకోసారి చెయ్యమంది. తర్వాతి పలక వచ్చేదాకా బాబాయి పాప ఎదురుగా ఆ చిటికె వేళ్లు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పలక వచ్చింది, చిటికె వేశాడు, కూసింది. అనకాపల్లి దాకా ఇదే పని. తుని దగ్గర పాప దిగిపోయింది. బాబాయి మళ్లీ నోటుబుక్కు తీశాడు.

మర్నాడు వేకువన బెజవాడ ఔటర్లో రైలాగింది. ఆగితే మామూలే. పావుగంటైంది, అరగంటైంది. జనం సామాన్లు దించుకుని, చెప్పులు వేసుకుని, తలుపుల దగ్గర వరస కట్టి, ఒకళ్ల వీపు ఒకళ్లు చూస్తూ నిలబడ్డారు. నిన్న పలాస ప్రకటించిన కుర్రాడు ఫోను చూసి అయోమయంగా ముఖం పెట్టాడు. "ఇదేంటి, బండి స్టేషన్లోకి వచ్చేసినట్టు చూపిస్తోంది!" అన్నాడు. కిటికీలోంచి చూస్తే బయట తుమ్మచెట్లు, ఒక గేదె.

గంప పక్కన పెట్టుకుని కింద కూర్చున్న ముసలమ్మ ఒకావిడ ఆ కుర్రాణ్ణి చూసింది, ఫోను చూసింది, గేదెను చూసింది. తల తిప్పి బాబాయిని చూసింది.

"ఏం బాబూ, బండెందుకాగిందంటావు?"

వరసలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. పిన్ని నా మోచేతిని మెల్లగా పొడిచి, "దువ్వెన" అంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. కళ్లజోడు తీసి, పంచె కొసతో ఒక అద్దం తుడిచి, రెండో అద్దం తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు. "బెజవాడకి ఎన్ని వైపుల నుంచి లైన్లొస్తాయో ముందు అది చెప్పాలి."