సున్నుండ పురాణం

మా నాయనమ్మకు లోహశాస్త్రం రాదు. అయినా బొగ్గుల బస్తా అడుగున మిగిలిన పొడిని ఏనాడూ పారబోయలేదు. కాస్త పేడ, కాస్త మట్టి కలిపి, ఉండలు చుట్టి, గోడవార ఎండబెట్టేది. పొడిగా పోస్తే ఆరిపోయే పొయ్యి, ఉండ వేస్తే రాజుకునేది. ఇప్పుడదే పనిని ఇనుప ఖనిజంతో, వందల కోట్లు పెట్టి చేసి పెల్లెట్ అంటున్నారు.

ముందే చెబుతున్నా, ఉండ మీద నాకు కోపం లేదు. యంత్రాలతో తవ్వితే గనిలో ఇనుప రాయితో పాటు నుసి కూడా బోలెడు రాలుతుంది. దాన్ని అలాగే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పోస్తే కింది నుంచి కొట్టే వేడిగాలికి దారుండదు, కొలిమికి ఊపిరాడదు. అందుకే నుసిని పిండిలా నూరి, నీళ్లు చిలకరించి, నూటికి ఒక పాలు మించకుండా బెంటొనైట్ మట్టి కలిపి, ఏటవాలుగా తిరిగే పెద్ద పళ్లెంలో దొర్లిస్తారు. రేగుపండంత ఉండలవుతాయి. 1,250 డిగ్రీలు దాటిన మంటలో కాలిస్తే రాయిలా గట్టిపడతాయి.

జపాన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఇనుప నుసినీ బొగ్గు పొడినీ ఒకే ఉండలో కాపురం పెట్టించారు. ఖనిజంలోని ఆక్సిజన్‌ను పక్కనున్న బొగ్గే లాగేసుకుంటుంది. పది నిమిషాల్లో ఇనుము చేతికొస్తుంది. కోబే స్టీల్ వారి ఈ పద్ధతిలో అమెరికాలోని మిన్నెసోటాలో 2010లో ఫ్యాక్టరీ తెరిచారు, 2015లో మూశారు. సంతలో ధర పడిపోతే ఎంత అన్యోన్య దాంపత్యమైనా నిలవదు.

మనవాళ్లు మాత్రం ఉండలో ఎవరూ చూడని మహిమ కనిపెట్టారు. ఇనుము 58 శాతం దాటిన నుసిని విదేశానికి పంపితే ఎగుమతి సుంకం 30 శాతం. అదే నుసిని ఉండ చుట్టి పంపితే సుంకం సున్నా! పొడిగా వెళ్తే దేశసంపద తరలిపోయినట్టు, గుండ్రంగా వెళ్తే దేశానికి లాభం వచ్చినట్టు. దీన్ని ‘విలువ జోడింపు’ అంటారు. 2014లో పాపభీతి కలిగి ఉండ మీద 5 శాతం వేశారు, 2016లో తీసేశారు. 2022 మేలో పూనకం వచ్చి ఏకంగా 45 శాతం వేశారు. నవంబరులో పూనకం దిగి మళ్లీ సున్నా అన్నారు. సున్నా పడే ఉండ కాబట్టి దీన్ని సున్నుండ అనడమే శాస్త్రీయం. మన సున్నుండలో నెయ్యి మన వేళ్లకే అంటుతుంది. ఇందులో నెయ్యి ఎవరి వేళ్లకు అంటుతుందో సుంకం పుస్తకంలో రాయరు.

ఇక ఈ ఉండగారి తీర్థయాత్ర. ఛత్తీస్‌గఢ్‌లోని ఇనుప కొండ బైలదిలా అంటే ఎద్దు మూపురం. ఆ మూపురాన్ని చెక్కి జపానుకు పంపడానికే 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. అరకు సొరంగాల్లో కిటికీ సీటు కోసం మనం కొట్టుకుంటాం కానీ, ఆ దారిలో అసలు ప్రయాణికుడు ఎదురుగా వచ్చే గూడ్సులోని ఖనిజం. రైలు చాలదని 267 కిలోమీటర్ల గొట్టం కూడా వేశారు. అందులో నుసి పలచటి పప్పుచారులా పారి విశాఖ చేరి, ఉండై, ఓడెక్కి గుజరాత్‌లోని హజీరాకు పోతుంది. కర్ణాటకలోని కుద్రేముఖ్ గని సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివర మూతపడ్డాక, ఆ గనిని నడిపిన సంస్థ మంగళూరు పెల్లెట్ ప్లాంటు కోసం ఇదే బైలదిలా ఖనిజం విశాఖ మీదుగా సముద్రం చుట్టి వెళ్లింది. పొయ్యి ఒక కోస్తాలో, పిండి ఎక్కడో కొండల్లో.

ఈ ఊరేగింపంతా గుమ్మం ముందు నుంచి పోతుంటే చూస్తూ కూర్చున్నది విశాఖ ఉక్కు. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన కర్మాగారం. సొంత ఇనుప గని మాత్రం రాలేదు. కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని కమ్మటి పేర్లు పెట్టారు. ఆ అన్నపూర్ణమ్మ రోజూ చెంగున డబ్బు కట్టుకుని బియ్యం కొనుక్కోవాలి. అమ్మేదెవరు? బైలదిలా గనులున్న ఎన్‌ఎండీసీ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో. రెండూ ప్రభుత్వ సంస్థలే, రెంటికీ యజమాని ఒకే ఉక్కు మంత్రిత్వ శాఖ. ఒక తల్లి పిల్లల్లో ఒకడు షావుకారు, ఇంకొకడు ఖాతాదారు!

2021 జనవరిలో కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మేద్దామన్నారు. ఊరు రోడ్డెక్కింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. పొలం అడిగిన అన్నపూర్ణమ్మకు అన్నదానం టోకెను చేతిలో పెట్టి ఫొటో దిగారు.

చిటికెడు బంకమట్టి ఇనుమునూ బొగ్గునూ ఒక్క ముద్ద చేస్తుంది. ఒకే శాఖ కిందున్న గనినీ కొలిమినీ అతికించే మట్టి మాత్రం ఢిల్లీలో దొరకదట. బెంటొనైట్ దొరికే కచ్‌లో దొరుకుతుందేమో కనుక్కోవాలి. పేడైతే ఢిల్లీలోనే దొరుకుతుంది కానీ, దాన్ని వేరే పనులకు వాడేస్తున్నారు.

మా నాయనమ్మ ఉండలు ఎండబెట్టిన రోజున పక్కింటావిడ ఖాళీ తట్ట పట్టుకుని వచ్చేది. నాయనమ్మ కాదనేది కాదు. చేతిలో ఉండ తిప్పుతూనే చెప్పేది: ‘‘ముందు మా పొయ్యి అంటుకోనీ అమ్మా, మిగిలితే నీకే.’’