ఎగరేసేది వాడు, వెతికేది నేను

ఈ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలియక పాఠకులకే సమర్పిస్తున్నాను. సోమవారం ప్రజావాణిలో ఇద్దామంటే, భూముల పంచాయితీలు, పింఛన్ల దరఖాస్తుల నడుమ నా కాగితం చూసి వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వుతారు. ఠాణాకు పోదామంటే ముద్దాయి నా కొడుకే.

ఫిర్యాది: జగిత్యాల నివాసి, సొంతిల్లు, పైన దాబా, ఇంటి పన్ను బాకీ లేదు. ప్రతివాది: అదే ఇంట్లో మూడు పూటలా తిని డిగ్రీ చదువుతున్న నా ఏకైక సుపుత్రుడు. వివాదానికి మూలం: ఎఫ్‌పీవీ డ్రోన్ అనబడే నాలుగు రెక్కల వస్తువు.

పెండ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ ఎగరేసే డ్రోన్ లాంటిదే కదా అనుకోకండి. అది పెద్దమనిషి. చెయ్యి తీసేసినా గాల్లో ఉన్నచోటనే బుద్ధిగా నిలబడుతుంది. దీనికి ఆ మర్యాద లేదు. ముందు భాగంలో చిన్న కెమెరా ఉంటుంది. మావాడు కళ్లకు గాగుల్స్ బిగించుకుంటే ఆ కెమెరా చూసేదే వాడికీ కనబడుతుంది, పక్కన ఇల్లు కాలిపోతున్నా కనబడదు. పల్టీలు కొట్టించాలంటే యంత్రం తనంతట తాను నిలదొక్కుకునే సౌకర్యాన్ని తీసేస్తారట. దాని పేరు 'ఆక్రో మోడ్'. గంటకు నూరు కిలోమీటర్లు దాటి పోయే వస్తువుకు ఉన్న ఒక్క బుద్ధినీ తీసేయడం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఇక్కడే నా మెడకు ఉచ్చు పడింది. గాగుల్స్ పెట్టుకున్నవాడికి చుట్టుపక్కల ఏముందో తెలియదు కాబట్టి, పక్కన ఒక మనిషి నిలబడి మామూలు కండ్లతో డ్రోన్‌ను చూస్తూ ఉండాలని అమెరికాలో నియమం ఉందట. ఆ మనిషిని 'స్పాటర్' అంటారట. కాలేజీ సిలబస్ ఎన్నడూ పూర్తిగా చదవని మావాడు ఈ అమెరికా నియమాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా చదివి, జీతం లేకుండా నన్ను నియమించాడు. ఎండలో తల పైకెత్తి నిలబడటం, "బాపూ, ఎటు పోయింది?" అంటే చెయ్యి చూపించడం నా డ్యూటీ. చెయ్యి చూపిస్తే వాడికి కనబడదని వాడికీ తోచదు, నాకూ గొంతు పోయేదాకా గుర్తుకు రాదు.

ఎగరడం నాలుగైదు నిమిషాలే, అంతలో బ్యాటరీ ఖతం. వెతకడానికి మాత్రం కాలపరిమితి లేదు. కింద పడ్డాక అది 'బీప్ బీప్' అని అరుస్తుంది. సాయంత్రం పూట వరి మడిలో కీచురాళ్లు, కప్పలు కూడా అదే పని మీద ఉంటాయి. ఒకసారి తాటిచెట్టు మట్టల్లో చిక్కితే, కల్లు గీసే గౌడన్నను బతిమాలాను. ఆయన మోకు వేసుకొని ఎక్కి, దాన్ని దించి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దీనికి చుక్క కల్లు సుత పారదు గద సారూ, ఏం జేసుకుంటరు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మావాడు మాత్రం విరిగిన రెక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు.

నా రెండో అభ్యంతరం అన్నం తినే బల్ల గురించి. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం తయారైన డ్రోన్లను విదేశాల నుంచి తెప్పించుకోవడం నిషేధించింది. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు కంబళ్లు, సెంట్లు, ఖర్జూరాలు తేగలడు గాని డ్రోన్ తేలేడు. హమ్మయ్య అనుకున్నాను. కాని విడిభాగాలకు అడ్డు లేదట! మోటార్లు ఒక పార్సిల్, కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ ఒక పార్సిల్, సర్క్యూట్ బోర్డు మరొక పార్సిల్. మా ఇంటి బల్ల కర్మాగారమైంది. సోల్డరింగ్ పొగకు పప్పుచారు వాసన కూడా మారిపోయింది. లిథియం పాలిమర్ బ్యాటరీలు ఉబ్బితే అంటుకుంటాయని, మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇనుప సందూకలో పెట్టాడు. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటొద్దు, వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి అని రోజూ కొలుస్తాడు. నా బీపీ ఎంతుందో ఈ ఇంట్లో ఎవరూ కొలవరు.

కోరుట్లలో మా అక్క ఇంటికి పోయినప్పుడైనా శాంతి దొరుకుతుందనుకున్నా. మావాడు జేబులోంచి అరచేతిలో ఇమిడే చిన్న డ్రోన్ తీశాడు. దీన్ని 'టైనీ వూప్' అంటారు, ఇంట్లోనే ఎగరేస్తారు. అక్క ఒళ్లో చాట పెట్టుకొని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతోంది. అది మంచం కిందినుంచి దూసుకొచ్చి చాట మీద గిరుక్కున తిరిగింది. తంబాకు అక్క కండ్లల్లో, నా చాయ్‌లో, గోడ మీది దేవుని పటం మీద. "నీ కొడుకు ఇమానం పాడుగాను" అంటూ తుమ్మింది అక్క. ఆనాటి బీడీల లెక్క తక్కువ పడింది. ఆ నష్టం నేనే కట్టాను.

సిరిసిల్లలో మా బావ ఒక్కడే అభ్యంతరం చెప్పలేదు. రాత్రింబవళ్లు సాంచెల చప్పుడులో బతికేవాడికి డ్రోన్ రొద ఒక లెక్కా? కాని సాంచెలే ఊరుకోలేదు. షెడ్డులో గాల్లో తేలే ఒక పోగు మోటారు ఇరుసుకు చుట్టుకుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు అది. అక్కడ దారం చిక్కు తీయడం మావాడికి రాలేదంటే నవ్వరా? బావే కండ్లద్దాలు పెట్టుకొని సూదితో తీశాడు.

ఇరుగుపొరుగు బాధ వేరే. ఒకరు "మీవోడు మందు కొడుతడా, ఎకరానికెంత?" అని అడుగుతారు. పది లీటర్ల ట్యాంకుతో వరికి మందు కొట్టే డ్రోన్ సంపాదిస్తుంది, మాది ఖర్చు పెడుతుంది. ఆ తేడా నేను ఎవరికని విప్పి చెప్పాలి? ఇంకొకామె కెమెరా ఉందని విని దాబా మీద బట్టలు ఆరేయడం మానేసింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. కాబట్టి ఇండ్ల మీద ఎగరేయడం నేనే బందు పెట్టించాను.

ప్రతివాది వాదనలు కూడా వినాలి కదా. చట్టం తనవైపే ఉందంటాడు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపుది నానో, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపింది మన రాష్ట్రమే కదా అంటాడు. అయితే మీ అమ్మకు షుగర్ గోళీలు తెప్పించరా అంటే, "గది వేరే డ్రోన్ బాపూ" అని లేస్తాడు. 1747లో కట్టిన మన జగిత్యాల ఖిల్లా నక్షత్రం ఆకారంలో ఉందని పైనుంచి చూస్తేనే తెలుస్తుందంటాడు. ఫోన్లో మ్యాప్ తెరిస్తే పైసా ఖర్చు లేకుండా కనబడుతుందన్నాను. 2016లో దుబాయ్ డ్రోన్ పందెంలో పదిహేనేండ్ల ఇంగ్లండు పిల్లవాడి జట్టు 2,50,000 డాలర్లు గెలిచిందన్నది వాడి ఆఖరి బాణం. ఆ పిల్లవాడి డ్రోన్‌ను ఏ తండ్రి ఏ చెట్టెక్కి దించాడో మాత్రం చెప్పడు.

దానికి నా దగ్గరా ఒక బాణం ఉంది. 2025 ఏప్రిల్‌లో అబుదాబిలో నెదర్లాండ్స్‌కు చెందిన డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్ల డ్రోన్, మనిషి చెయ్యి పడకుండా తనకు తానే ఎగిరి, మేటి పైలట్లను ఓడించింది. అంటే ఇక పైలట్లతో పని లేదు. పడ్డదాన్ని మడిలో దిగి వెతికే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. ఈ క్రీడలో చివరిదాకా నిలిచే ఉద్యోగం నాదే.

కనుక ఎఫ్‌పీవీ కొడుకులున్న తల్లిదండ్రులకు నా విన్నపం: ఎగరేయొద్దని చెప్పకండి, వినరు. ఊరి బయట, కోత అయిన పొలంలో, మనుషులు, కరెంటు తీగలు లేని చోట ఎగరేయమనండి. బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నంతసేపూ పక్కనే కూర్చోమనండి. స్పాటర్ ఉద్యోగానికి ముందే జీతం మాట్లాడుకోండి.