గంగాళ వేలానికి టీకా తాత్పర్యం

మూలం

పాత ఇత్తడి గంగాళం! సర్కారువారి పాట రెండు వేలు! మూడు వేలు ఒకటోసారి... మూడు వేలు రెండోసారి... మూడోసారి!

అవతారిక

సున్నపు బట్టీల ఊరు పిడుగురాళ్లలోనైనా మరో పల్నాటి ఊళ్లోనైనా, అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలాన్ని గట్టు వేసి పంచుకోవచ్చు గానీ గంగాళాన్ని కోసి పంచుకోలేరు. దాన్ని వాకిట్లో పెట్టి పాడుకోవడమే దారి. హెచ్చు పాట పాడినవాడికి వస్తువు, తక్కినవాళ్లకు రొక్కం. మూలం అటువంటి సందర్భంలోది.

ప్రతిపదార్థం

పాత = అవ్వ తోమినదీ, అత్త దాచినదీ, కోడలు అటకెక్కించినదీ అయిన; ఇత్తడి = రాగి, తుత్తునాగం కలిసి పుట్టి, చింతపండు పడితే గాని రంగు తేలని; గంగాళం = ఒకప్పుడు పెళ్లి నీళ్లకూ, ఇప్పుడు పాత బట్టలకూ నెలవైన పెద్ద పాత్ర; సర్కారువారి పాట = సర్కారుకు సంబంధం లేకపోయినా వారి పేరనే మొదలయ్యే కనీస ధర; ఒకటోసారి = వినండి; రెండోసారి = ఆలోచించుకోండి; మూడోసారి = ఇక ఆలోచన దండగ.

తాత్పర్యం

గంగాళానికి ధరలు రెండు. తూకం ధరను పాత సామాన్ల కొట్టులో కాటా తేలుస్తుంది. పాట ధరను ఎదుటివాడి పంతం తేలుస్తుంది. అడుగున మాటు పడిందా, అంచు చీలిందా, వేలితో కొడితే ఖంగుమంటుందా అని ముందే చూసుకుని, ఇంతకు మించి పాడనని మనసులో గీత గీసుకున్నవాడు వస్తువును కొంటాడు. గీత దాటినవాడు పంతాన్ని కొంటాడు. గంగాళం దానికి కొసరు.

శబ్ద విశేషం

'వేలం' సంస్కృతమూ కాదు, అచ్చతెనుగూ కాదు. పోర్చుగీసువారి 'లెయిలావ్' మన నోట పడి ఇలా అయింది. 'పాట'కు రాగం లేదు, తాళం లేదు, ఉన్నది ఆరోహణ ఒక్కటే. అవరోహణ హాలండు పూల వేలాల్లో ఉంది: ధర పైనుంచి దిగుతూ వస్తుంది, ముందుగా ఆపినవాడిదే సరుకు.

అలంకార విశేషం

"తాతలనాటిది" అనడం అతిశయోక్తి. చట్టానికి అలంకారాలు పట్టవు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే పనితనమున్న వస్తువుకు కనీసం 100 ఏళ్లు, విలువైన రాతప్రతికి 75 ఏళ్లు ఉండాలి. అటువంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు.

ధర్మశాస్త్ర విశేషం

1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం, సుత్తి దెబ్బతోనో వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో పాట ముగిసిందని ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తవుతుంది. ఆ లోపు ఎవరైనా తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. ధర పెంచడానికి అమ్మేవాడు దొంగపాట పాడించినట్లయితే, ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంటుంది.

చుక్కల విచారణ

పదాలన్నిటికీ అర్థం చెప్పే వ్యాఖ్యాతలు చుక్కలను వదిలేస్తారు. పాటదారుకు అక్కరకొచ్చేవి మాత్రం అవే. నాలుక కరుచుకున్నవాడు మాట వెనక్కి తీసుకోవడానికి చట్టం ఇచ్చిన చివరి చోటు, 'రెండోసారి' తరవాతి ఆ మూడు చుక్కలే. 'మూడోసారి' తరవాత మూలంలో చుక్కలు లేవు.