తర్వాత చూద్దాం అన్న

గడ్డిఅన్నారంలో సందుకొక సాఫ్ట్‌వేర్ అన్న ఉంటాడు. మెడలో ట్యాగు, వీపున బ్యాగు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో తేలతాడు. ఈ జాతిలో ఒక ఉపజాతి ఉంది: 'తర్వాత చూద్దాం' అన్న.

పని రానివాడని అనుకునేరు. పనిరానివాడు ఇంత నష్టం చెయ్యలేడు. శుక్రవారం సాయంత్రం క్లయింటు "సోమవారానికి కావాలి" అంటే టీమంతా తల పట్టుకుంటుంది, అన్న కీబోర్డు పట్టుకుంటాడు. ఉన్న ఫంక్షన్‌ను కాపీ చేసి, పక్కనే పేస్ట్ చేసి, రెండు లైన్లు మార్చి, పైన ఒక కామెంట్ పెడతాడు: "టెంపరరీ. తర్వాత మార్చాలి." గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్టంతటిదే బాటసింగారానికి తరలిపోయింది గానీ, ఆ కామెంట్ మాత్రం పెట్టిన చోటు నుంచి కదల్లేదు.

అన్న రాసింది బండ్ల బీమా యాప్. మొదట్లో హైదరాబాద్ బండి నంబరంటే ఏపీయే కాబట్టి, అవసరమైన ప్రతిచోటా 'ఏపీ' అని నేరుగా కోడ్‌లో కొట్టేశాడు. 2014లో తెలంగాణ వచ్చి, నంబర్లు టీఎస్ అయ్యాయి. దొరికిన చోటల్లా 'ఏపీ కాకపోతే టీఎస్' అని అతికించాడు. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీజీ వచ్చింది, పాతవి పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. ఒక్క పట్టికలో ఒక్క వరుస చేరిస్తే తీరే పనికి టీం నెలరోజులు రాత్రిళ్లు కూర్చుంది. రాష్ట్రం రెండుసార్లు అక్షరాలు మార్చినందుకు అన్న ప్రభుత్వాన్ని తిట్టాడు.

దీనికి 'టెక్నికల్ డెట్' అని పేరు పెట్టినవాడు వార్డ్ కన్నింగ్‌హామ్. 1992లో, ఒక ఆర్థిక సాఫ్ట్‌వేర్ గురించి చెబుతూ, కాస్త అప్పు చేస్తే పని తొందరగా సాగుతుందనీ, వెంటనే తీర్చకపోతేనే ముప్పనీ అన్నాడు. అన్నకు ఇందులో మొదటి సగం కంఠస్థం.

మామూలు అప్పుకి వడ్డీ అప్పు చేసినవాడు కడతాడు. ఇక్కడ కట్టేది కొత్తగా చేరిన కుర్రాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి, కోచింగ్‌లో కొత్త కోడ్ రాయడం నేర్చుకున్నాడు. పాత కోడ్ చదవడం నేర్పుతామనే బోర్డు ఆ రోడ్డు మీద అతనికి ఒక్కటీ కనబడలేదు.

"అన్నా, ఈ ఫంక్షన్‌ను ఎవరూ వాడట్లేదు. తీసెయ్యనా?"

"ముట్టకు తమ్మీ. నడుస్తున్నది గదా."

"ఎట్ల నడుస్తుందన్నా?"

"అది మాత్రం అడగకు."

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ వాళ్లు కూడా ఇలాగే వాడని కోడ్‌ను ఏళ్లతరబడి ఉంచుకున్నారు. 2012 ఆగస్టు 1న అది పొరపాటున లేచి, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లు మింగింది. కుర్రాడు ఈ కథ చెబితే అన్న శ్రద్ధగా విని, "అందుకే ముట్టొద్దన్న" అన్నాడు.

సిస్టమ్ ఆగినప్పుడల్లా మేనేజర్ అన్ననే తలుస్తాడు. మరదలి పెళ్లిపందిట్లో కూడా అన్న ఒళ్లో ల్యాప్‌టాపే. అర్ధరాత్రి మంట ఆర్పినందుకు అవార్డులు, షీల్డులు. అగ్గిపెట్టె ఎవరిదో ఎవరూ అడగరు. మరీ నిలదీస్తే "మొత్తం కొత్తగా రాసేద్దాం" అంటాడు. అంటే అసలూ వడ్డీ కలిపి రుణమాఫీ అన్నమాట.

కుర్రాడు మాఫీ కోసం చూడలేదు. కోడ్ ఇప్పుడు ఎలా ప్రవర్తిస్తోందో పట్టి చూపే టెస్టులు ముందు రాశాడు. టెస్టులు లేని కోడే లెగసీ కోడ్ అని మైఖేల్ ఫెదర్స్ 2004లోనే పుస్తకం రాశాడు మరి. తర్వాత ఏ బగ్ కోసం ఏ ఫైలు తెరిచినా, ఆ ఫైల్లోని ఏపీ, టీఎస్, టీజీలను ఒక్క పట్టికలోకి చేర్చాడు. ప్రతి స్ప్రింట్‌లో ఒక పూట దీనికే అడిగి పుచ్చుకున్నాడు. ఆర్నెల్లకు అర్ధరాత్రి ఫోన్లు ఆగిపోయాయి. ఫోన్లు రాకపోయేసరికి, అన్న ఏం పని చేస్తాడో మేనేజర్‌కి హఠాత్తుగా సందేహం వచ్చింది.

అన్న వెంటనే వేరే కంపెనీ చూసుకున్నాడు, జీతం ముప్పై శాతం ఎక్కువ. రెజ్యూమెలో మొదటి లైను: 'టెక్నికల్ డెట్‌లో పదకొండేళ్ల అనుభవం'. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. చేయడంలోనా, తీర్చడంలోనా అని ఇంటర్వ్యూ వాళ్లే అడగలేదు.