చుక్క పసుపైతే కానివ్వండి

ఆఫీసు నిఘా గురించి నేను చెప్పబోయే సలహాలు మా ఇంట్లోవాళ్లకే నచ్చలేదు. "అక్కా, నీ మాట వింటే ఉన్న ఉద్యోగం కాస్తా ఊడుతుంది" అన్నాడు మా తమ్ముడు. తిక్క సలహాలని మీకూ అనిపించొచ్చు. పదిహేనేళ్లుగా ఆఫీసు లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని, నమ్మే చెబుతున్నాను.

ముందుగా ఆ చుక్క సంగతి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మీ పేరు పక్కన ఉండే ఆకుపచ్చ చుక్క పసుపు రంగుకి మారితే మారనివ్వండి. లేచి పరిగెత్తకండి.

ఐదు నిమిషాలు మౌస్ గానీ కీబోర్డు గానీ ముట్టుకోకపోతే అది పసుపవుతుంది. 2020లో ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆ చుక్కే నాకు యజమాని అయింది. నిజాంపేటలో మా వంటింట్లో కుక్కర్ పెట్టేదాన్ని. రెండో విజిల్‌కి హాల్లోకి ఉరికి, మౌస్ ఒకసారి కదిపి, మళ్లీ పోపు దగ్గరికి వచ్చేదాన్ని. వచ్చేసరికి ఆవాలు మాడిపోయేవి. మా టీమ్‌లో ఒకమ్మాయి ఇంకో దారి కనిపెట్టింది. వాళ్ల నాన్నగారి పాత చేతిగడియారాన్ని బల్ల మీద పెట్టి, దాని అద్దం మీద మౌస్ ఉంచేది. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే, పైనున్న మౌస్ తననే ఎవరో కదుపుతున్నారనుకునేది. తెర మీద బాణం సన్నగా వణికేది. అలా పెట్టి స్నానానికి వెళ్లి వచ్చేది. ఆ పిల్ల అప్పటికే రోజుకి పదకొండు గంటలు పనిచేస్తోంది! అంత కష్టపడే మనిషి దొంగసొత్తులా గడియారం దాచుకోవాల్సి వచ్చిందంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పైగా ఆ దొంగాటే మెడకు చుట్టుకుంటుంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. పని చేస్తున్నట్టు కనిపించడానికి కీబోర్డు కదలికలు సృష్టించారన్నది వాళ్ల మీద రాసిన కారణం. అందుకే చెబుతున్నాను, స్టేటస్‌లో "అన్నం తింటున్నాను, రెండుంపావుకి వస్తాను" అని రాసి నిమ్మళంగా తినండి.

ఇక, దాక్కోవచ్చని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీలు తెరవకండి. అది చేసేదల్లా మీ లాప్‌టాప్‌లో హిస్టరీ మిగలకుండా చూడటమే. మీరు ఏ సైటుకి వెళ్లారో ఆఫీసు నెట్‌వర్క్‌కి తెలుస్తూనే ఉంటుంది. కొన్ని కంపెనీలు తమ సొంత సర్టిఫికెట్‌ని లాప్‌టాప్‌లో ముందే ఎక్కించి ఇస్తాయి. దాంతో తాళం గుర్తు ఉన్న పేజీల లోపలికి కూడా తొంగిచూడొచ్చు. అమ్మ స్కానింగ్ రిపోర్టు, చెల్లెలి పెళ్లి బయోడేటా లాంటివి సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చూసుకోండి. ఈ ఒక్క విషయంలో అందరూ చెప్పేదే నేనూ చెబుతాను.

మెయిళ్లు మాత్రం చెరపకండి. కంపెనీవాళ్లు చదువుతారని భయపడి తక్కువ రాయకండి, ఇంకా ఎక్కువ రాయండి. మెయిల్‌ను పట్టి ఉంచే ఏర్పాటు కంపెనీ చేసుకుంటే, మీరు చెత్తబుట్టలోంచి కూడా తీసేసినా కాపీ వాళ్ల దగ్గర ఉంటుంది. అంటే, చెరిపితే పోయేది మీ కాపీ ఒక్కటే. ఆదివారం పని చెయ్యమని మేనేజర్ ఫోన్‌లో చెప్పాడనుకోండి. "మీరు చెప్పినట్టే ఆదివారం ఆరు గంటలు పనిచేశాను" అని సోమవారం పొద్దున్నే మెయిల్ పెట్టండి. వాళ్లు దాచుకునే మెయిలే రేపు మీకూ సాక్ష్యం. కానీ ఆఫీసు మెయిళ్లను సొంత జీమెయిల్‌కి మాత్రం పంపుకోకండి. దాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది, దొరికితే తప్పు మీదే అవుతుంది.

ఇక మా తమ్ముడు కొరివితో తల గోక్కోవడమే అన్న సలహా. వెళ్లి అడగండి. చేరిన రోజు నలభై పేజీల పాలసీ కింద "అంగీకరిస్తున్నాను" అని నొక్కేశాం కదా, ఇప్పుడు హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా రాయండి. నేను చూసే సైట్ల పేర్లే నమోదు చేస్తారా, లోపలి సంగతులు కూడా చదువుతారా? చదివేది ఎవరు? ఎన్నాళ్లు దాస్తారు?

ఈ ప్రశ్నలు ఎందుకు అడగాలో బుకారెస్ట్‌లో ఒక ఇంజినీరుకి జరిగిన సంగతి చెబుతుంది. పేరు బొగ్దాన్ బర్బులెస్కు. కస్టమర్ల కోసమని కంపెనీ అడిగితే యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. 2007 జూలైలో పిలిచి, సొంత పనికి వాడావా అన్నారు. లేదని రాసిచ్చాడు. అప్పుడు 45 పేజీల ప్రింటవుట్ చూపించారు. అన్నదమ్ముడితోనూ పెళ్లి చేసుకోబోయే అమ్మాయితోనూ మాట్లాడుకున్న మాటలు, ఒంటి ఆరోగ్యం సంగతులతో సహా, అందులో ఉన్నాయి. ఉద్యోగం పోయింది. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి 2017 సెప్టెంబరు 5న యూరప్ మానవ హక్కుల కోర్టు పెద్ద బెంచి 11-6 ఓట్లతో అతని పక్షాన తీర్పిచ్చింది. యజమాని ఎన్ని నిబంధనలు పెట్టినా పనిచోట మనిషి సొంత జీవితాన్ని సున్నా చేయలేడని చెప్పింది. ఎంత లోతుగా గమనిస్తారో అతనికి ముందే చెప్పారా లేదా అన్నది ఆ కేసులో కీలకమైంది. అంటే నేను అడగమంటున్న ప్రశ్నే.

ఆ తీర్పుకి సరిగ్గా 12 రోజుల ముందు, ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ మన అనుమతి లేకుండానే మన డేటా వాడుకోవచ్చంటోంది. అనుమతి అడగనివాళ్లను మనమే అడగాలి. నాకు ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది, కానీ ఇవాళున్న దారి ఇదే.

నేను మా హెచ్‌ఆర్‌ని అడిగాను. మూడు వారాలకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. సైట్ల పేర్లు 90 రోజులు ఉంచుతారట, ఫిర్యాదు వస్తే తప్ప మెయిల్ తెరవరట. ఉద్యోగం ఊడలేదు. ఆ వారమంతా పక్క సీట్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా తెర మీద ఆ రెండు వాక్యాలు చదివి వెళ్లారు. గడియారం అమ్మాయి రెండుసార్లు చదివింది.

టీమ్ లీడ్లకు ఒక మాట. ఎవరి మౌస్ ఎన్ని గంటలు కదిలిందో చెప్పే రిపోర్టు మీకొస్తే తెరవకండి. మైక్రోసాఫ్ట్ కూడా తన ప్రొడక్టివిటీ స్కోర్ అనే రిపోర్టులో ఉద్యోగుల పేర్లు కనిపిస్తున్నాయని గొడవైతే 2020 చివర్లో ఆ పేర్లు తీసేసింది. మీ టీమ్‌లో పిల్లలు ఎలా పనిచేస్తున్నారో వాళ్లు ఇచ్చిన పనిలో చూడండి.

మిగతావాళ్లు రేపు ఆఫీసుకి వెళ్లగానే హెచ్‌ఆర్‌కి ఆ ప్రశ్నల మెయిల్ పంపండి. జవాబు వస్తే పక్క సీటువాళ్లకి చూపించండి. రాకపోతే పదిహేను రోజులు ఆగి, ఈసారి ఇద్దరు ముగ్గురు కలిసి మళ్లీ పంపండి.