ఏకవార్షిక జనము, బహువార్షిక వనము

పూలతోట పెంచి బ్రదుకువాడు పరిమళముల నడుమ సుఖనిద్ర చెందుచుండునని లోకములో నొక గాఢమైన విశ్వాసము కలదు. పట్టణమునుండి వచ్చిన బంధువులు మా కడియపులంక తోటలో అడుగిడగనే రెండు చేతులు చాచి, కన్నులు మూసికొని, గాలిని గుండెల నిండుగ పీల్చి, "ఎంత అదృష్టవంతుడివిరా!" అని నిట్టూర్చుట నాకు పరిపాటియైన దృశ్యము. ఆ పీల్చిన గాలిలో మల్లెల వాటా రూపాయికి అణా మాత్రమే; తక్కిన పదునైదణాలును మాగిన పశువుల యెరువునకు, వేపపిండికి, నిన్న సాయంకాలము మందారములపై పిండినల్లి నణచుటకై చల్లిన వేపనూనెకు, కవర్లు నింపుటకు కలిపి కుప్పవేసిన ఎఱ్ఱమట్టికి, గోదావరి వండ్రుకు చెందునని నేను వారికి చెప్పను. అతిథులు ఆనందించుచుండగా లెక్కలు విప్పుట మర్యాద గాదు.

రాజమహేంద్రవరమునకు దిగువను కాలువగట్ల వెంబడి వ్యాపించియున్న కడియము, కడియపులంక, బుఱ్ఱిలంక, వేమగిరి గ్రామములలో నర్సరీతో సంబంధము లేని గడపను వెదకుట కష్టము. ఇచ్చటినుండి లారీలకొలది మొక్కలు దేశము నలుమూలలకు పోవుచుండును. నగరములలో రాత్రికి రాత్రి వెలయు ఉద్యానములు పెక్కు మా యూళ్లలో పుట్టి పెరిగి పయనమై పోయినవే. అట్టి మహాసంస్థల నడుమ మాది మిక్కిలి చిన్న తోట. అందును మేము బంతి, జీనియా మొదలైన ఒక్క ఋతువుతో ఆయువు తీరు పూలజాతుల జోలికి పోము. మల్లె, సన్నజాజి, విరజాజి, కనకాంబరము, నందివర్ధనము, మందారము, నూరువరహాలు, సంపెంగ, పారిజాతము, చేమంతి మున్నగునవి, అనగా ఒకమారు నాటి కాస్త కనిపెట్టి చూచినచో ఏండ్ల తరబడి పూయు బహువార్షికములే మా సరకు. ఇది మా తండ్రిగారు పెట్టిన నియమము.

"పదేళ్లు బతికే సరుకు అమ్మితే, కొన్నవాడు పదేళ్లదాకా మళ్లీ మన గుమ్మం తొక్కడు గదా బావా, ఇదేం వ్యాపారం?" అని మా బావమరిది నన్ను చాలకాలము క్రిందటనే ప్రశ్నించెను. అర్థశాస్త్రము ననుసరించి అతని వాదము నిర్దుష్టమే గాని, అతడు మనుష్యస్వభావమును లెక్కలో చేర్చుకొనలేదు. మా తోటలో మార్గశిరమున చేమంతి కుండీ కొనినవారు, మాఘమున పూలు వాడి కాడలు ఎండగానే, మొదలు నుండి పుట్టుకొని వచ్చుచున్న పిలకలను కన్నెత్తియైన చూడక, దానిని గోడ అవతలకు విసరి, మరుసటి మార్గశిరమున మరల మా గుమ్మము త్రొక్కుదురు. కావున మొక్కలు బహువార్షికములే; మా ఖాతాదారులే ఏకవార్షికులు. ఈ రహస్యముమీదనే మా సంసారము నడచుచున్నది.

పంచాంగకర్తలకు సంవత్సరాది చైత్రమున వచ్చును గాని, మాకు కాలువకు నీరు వదలిన నాడే వచ్చును. వేసవిలో మరమ్మతులకై కట్టివేసిన కాలువలోనికి జ్యేష్ఠమున ఎఱ్ఱనీరు దిగగానే తోటలో కొమ్మమొక్కలు గ్రుచ్చుటయు అంట్లు కట్టుటయు ఆరంభమగును. ఈ విద్యలో మా యింట ఆచార్యపీఠము నాది కాదు, మా తండ్రిగారి కాలమునుండి పనిచేయుచున్న ఒక వృద్ధురాలిది. పెన్సిలంత లావున్న మందారపు కొమ్మను ఎంచుకొని, అంగుళము మేర బెరడును ఉంగరమువలె ఒలిచి, లోపలి జిగట పొరను గుడ్డతో మూడుమార్లు తుడిచి, తడిపి పిండిన నాచును ముద్దగ చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితము కప్పి, రెండుకొనలను పురికొసతో బిగించుటకు ఆమెకు పట్టు కాలములో నేను కత్తి ఎక్కడ పెట్టితినో వెదకుకొనుచుందును. అంత శ్రద్ధగా తుడుచుట ఎందులకని ఒకనాడు అడిగితిని. "తుడవకపోతే అన్నదమ్ముల తగువు తీరిపోయినట్టు పైబెరడూ కిందబెరడూ కలిసిపోతాయండి. కలిసిపోతే ఇంక యేరెందుకు దిగుద్దండి? ఆయ్," అని యామె చెప్పెను. వృక్షశాస్త్ర గ్రంథములు ఈ విషయమునే రెండు పుటలలో చెప్పును.

మొక్కను నేలలో నాటుటకు ఈ వానకాలమే సర్వోత్తమము. ఆకాశము నీరు పోయును, ఎండ మందగించును, వేరు దానంతట అదియే పట్టుకొనును. సరిగా ఈ కాలముననే మా తోటకు పురుగు తప్ప నరుడు రాడు. ఫోనుచేసి పిలిచినను, "వాన తగ్గాక వస్తామండి, బురద కదండీ," అందురు. బురద లేనప్పుడు నాటినచో మొక్క కేమగునో వారికి వేసవిలో తెలియును. కాని అప్పుడు నేరము నాదగును.

నరులు రాని లోటును నత్తలు తీర్చును. ఇచ్చట కొంచెము చరిత్ర చెప్పక తప్పదు. 1847వ సంవత్సరమున ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టుటకు పూనుకొని, 1852 నాటికి పూర్తిచేసి, ఈ సీమనంతటిని అన్నపూర్ణను గావించెను. సరిగా ఆ 1847లోనే బెన్సను అను మఱియొక దొర మారిషస్ ద్వీపమునుండి ఆఫ్రికా రాక్షసినత్తలను తెచ్చి కలకత్తాలో నొక తోటలో విడిచెను. ఒకే ఏట ఒక దొర మాకు నీరు సమకూర్చుటకును, మఱియొక దొర ఆ నీటితో పెరిగిన ఆకును ఆరగించువారిని సమకూర్చుటకును ప్రారంభించిరన్నమాట! కాటను దొరకు మా సీమలో ఊరూర విగ్రహములు గలవు. బెన్సనుకు ఎచ్చటను చూచి యెఱుగను. ఉన్నచో వానకాలపు రాత్రులందు దానికి అభిషేకము చేయువారి కొరత యుండదు. తడిపిన గోనెసంచుల క్రింద బొప్పాయి ఆకులు పరచి నత్తలను మభ్యపెట్టి, తెల్లవారుజామున టార్చిలైటుతో ఏరి ఉప్పునీటి బకెట్టులో వేయుట పండితులు చెప్పిన చికిత్స. చీకటిలో టార్చిలైటు పట్టుకొని, నడుము వంచి, నేలను చూచుకొనుచు తిరుగు నన్ను గట్టుమీద పోవువారు తొలుత దొంగయనియు, పిమ్మట లంకెబిందెలు వెదకువాడనియు అనుకొనిరి. ఇప్పుడు రెండవ అభిప్రాయమే స్థిరపడినట్లున్నది, ఏలయన అప్పటినుండి ఊరిలో అప్పు సులభముగ పుట్టుచున్నది.

శరదృతువునందు చేమంతి వ్యవహారము. చేమంతికి పగలు తగ్గి రాత్రి నిడివి హెచ్చినగాని మొగ్గ తొడుగవలెనను బుద్ధి పుట్టదు. ఆ రాత్రి నడుమ కొంతసేపు వెలుగు పడినను, ఇంకను వేసవి దినములే యని భ్రమించి, ఆకుమీద ఆకు వేయుచుండును. శ్రావణమంతయు తలలు త్రుంచి, గుబురుగ పెంచి, కార్తికమునకు సిద్ధముచేసిన కుండీలను మేము వీధివైపు వరుసలు దీర్చితిమి. అంతలో మా తోట మలుపున ప్రజాసౌకర్యార్థము క్రొత్తగా నొక ఎల్‌ఈడీ వీథిదీపము వెలసెను. దాని కాంతి సామాన్యము గాదు; నత్తలు సైతము నీడ వెదకుకొనిపోయెను. లోపలి వరుసలు బంగారు మొగ్గలతో నిండుచుండగా, దీపము క్రింది వరుస మాత్రము పచ్చగా, పుష్టిగా, బ్రహ్మచర్యదీక్షలో నిలిచిపోయెను.

దీపము నార్పింపుడని అర్జీ పట్టుకొని నేను సంబంధిత కార్యాలయమునకు వెళ్లితిని. అచ్చటి గుమాస్తా దానిని ముందునుండి వెనుకకును, వెనుకనుండి ముందునకును చదివి, "లైటు వెలగటం లేదని రాశారేమో అనుకున్నానండి. వెలుగుతోందని ఫిర్యాదు రాసుకోవడానికి మా రిజిస్టరులో గడి లేదండి," అని సవినయముగ మనవిచేసెను. అతడు చెప్పినదియు సత్యమే. అట్టి గడి ఏ కార్యాలయమున నుండును? నాటినుండి మేము ప్రతి సాయంకాలమును ఆ కుండీలపై నల్లగుడ్డ కప్పి ఉదయమున తీయుచు వచ్చితిమి. చూచినవారు గ్రహణమా యని అడిగిరి. నెలదాటిన పిమ్మట అవి మొగ్గ తొడిగినవి. ఆ వారమే దీపమును మాడిపోయెను. మలుపున చీకటిగ నున్నదని ఇరుగుపొరుగువారు వ్రాసిన అర్జీ రిజిస్టరులో తగిన గడియందు వెంటనే నమోదైనదని విన్నాను.

సంక్రాంతి వచ్చుసరికి మా తోటకు జనము వచ్చును, మా మల్లెలకు వైరాగ్యము వచ్చును. వేసవిలో విరగబూయవలెనన్నచో మల్లెకు డిసెంబరులో నీరు కట్టివేసి, ఆకు రాల్పించి, జనవరిలో మోకాలెత్తున కొమ్మలు కత్తిరింపవలెను. కావున హైదరాబాదు నుండియు, అమెరికానుండియు పండుగకు వచ్చినవారు పట్టుబట్టలతో తోటలో ప్రవేశించి "మల్లెలేవండీ?" అని అడుగునప్పటికి నేను చూపగలిగినది పుల్లల వరుస.

"ఇవేనండి."

"చచ్చిపోయాయి కదండీ?"

"లేదండి, నిద్రపోతున్నాయి."

"అయితే నిద్ర లేచినవి ఇవ్వండి."

ఇట్టి సమయమున వాదించుట వ్యర్థమని నా భార్యకు తెలియును. ఆమె పండుగకు వారము ముందే గుమ్మమునకు ఇరుప్రక్కల కాగితంపూల కుండీలు నిలిపి, పుల్లల వరుసకు అడ్డముగ క్రోటను మొక్కలు పెట్టించి, మల్లె యడిగినవారిచేత కాగితంపూలు కొనిపించి పంపును. ఆ కాగితంపూల కథ వేఱు. దానికి ఎండ మెండుగ నుండవలెను, నీరు కొఱతపడవలెను. అప్పుడే రంగు వేయును. ఆ రంగులో పువ్వు పాలు మిక్కిలి తక్కువ, రంగు రేకులన్నియు పూవును కాపలాకాయు ఆకులే, అసలు పూలు వాని నడుమ తెల్లగ, చిన్నగ నక్కియుండును. ఈ సంగతి కొనువారికి మేము చెప్పము. కొనినవారు ప్రేమాతిశయమున ఉదయసాయంకాలములు నీరు పోసి, ఆకులు తప్ప ఏమియు రాలేదని ఫోటో తీసి పంపుదురు. "కొన్నాళ్లు పట్టించుకోకండి," అని నేను జవాబిత్తును. ఉచితమైన ఈ సలహాను పాటించినవారు నాకింతవరకు తటస్థపడలేదు.

వైశాఖమున మల్లెలు పూయును, కాలువ యెండును. బోరునీరు సరిపోక, షేడ్‌నెట్ల క్రింద మొక్కలు సొమ్మసిల్లుచుండగా, పెండ్లిండ్లకును గృహప్రవేశములకును ఆ మండుటెండలో జనము విరగబడి వత్తురు. వారికి కావలసినది మొక్క కాదు, ఆ మొక్కమీది పూవు. పూచుచున్న మొక్కను పెరికి మఱియొకచోట నాటరాదని ఎంత చెప్పినను వినరు. ఈ దురభ్యాసమునకు మూలపురుషుడు శ్రీకృష్ణుడే యని నా నమ్మకము. దేవలోకపు పారిజాతమును పూలతో సహా పెల్లగించి, గరుత్మంతునిపై నెక్కించి, సత్యభామ పెరటిలో పాతెను గదా! వేరుచుట్టు మట్టిగడ్డ చెదరకుండ గోనె చుట్టెనా, ఆకు సగము దూసివేసెనా, నాటిన పిమ్మట నీడ కల్పించెనా యను ముఖ్యాంశములను ఏ పౌరాణికుడును మాకు చెప్పలేదు. చెట్టు బ్రదికినదని మాత్రము అందఱును చెప్పిరి. దానితో మా వృత్తికి కష్టకాలము దాపురించెను.

నిరుడు వైశాఖమున ఒక పెద్దమనిషి వచ్చి, పూలతో నిండిన దొంతరమల్లె కుండీ నొకటి ఎన్నుకొనెను. "కాలువ వదిలాక నాటుకుంటే మంచిదండి," అంటిని. "అమ్మడం ఇష్టం లేకపోతే చెప్పండి," అని ఆయన కోపగించి, సొమ్ము చెల్లించి తీసికొనిపోయెను. ఆషాఢమున కోపము రెట్టింపై, అదే కుండీతో తిరిగివచ్చెను. అందు నాలుగు పుల్లలు తప్ప ఏమియు లేవు. నా భార్య ఒక పుల్లను గోటితో గీకి, బెరడు క్రింద పచ్చగనున్న దానిని ఆయనకు చూపెను. ఆయన నమ్మలేదు. "మీ చెత్త మీ దగ్గరే ఉంచుకోండి," అని కుండీని మా యరుగుమీద వదలి, ప్రక్కన పూచియున్న ఎఱ్ఱమందారమును కొనిపోయెను. మేము ఆ పుల్లలకు నీరు పోసి, జనవరిలో కత్తిరించి, ఎరువు వేసితిమి. ఈ వైశాఖమున అది కుండీ కనబడనంతగ పూచెను. ఆయన మరల వచ్చి, తోటయంతయు తిరిగి తిరిగి, దానియెదుటనే నిలిచి, ధర యడిగెను. మొక్క వారిదే యని చెప్పుటకు నేను నోరు తెఱచునంతలో నా భార్య ధర చెప్పివేసెను. ఆయన లోనికి పోయి కుండీ యెత్తించుచుండగా నేనామెను ధర్మసందేహముతో చూచితిని. "ఏడాది భోజనం పెట్టాం. హాస్టలు ఖర్చు ఎవరిస్తారండీ?" అని ఆమె మెల్లగ ననెను.

ఆయన సొమ్ము లెక్కించి యిచ్చుచు, "ఇదీ అసలు జాతంటే. పోయినేడు మీరు అంటగట్టిన నాసిరకం గుర్తుందా?" అనెను. గుర్తున్నదంటిని.