బస్తర్‌కు పట్టిన బగ్గు

సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికిందని చాటడానికి మనవాళ్లకు ఒక సంప్రదాయం ఉంది. ముందుగా కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఏటవాలుగా ఫొటో తీయాలి. ఎర్రర్ మెసేజ్‌లో అసలు సంగతి ఉన్న సగం ఫొటోలో పడకుండా జాగ్రత్తపడాలి. దాన్ని పరిచయమున్న ప్రతి ‘కంప్యూటర్ తెలిసిన’ మనిషికీ పంపి, కింద ‘సర్, ఆర్ పనిచేయట్లేదు, అర్జంట్’ అని రాయాలి. ఏ వెర్షన్, ఏ ప్యాకేజీ, ఏ లైను దగ్గర ఆగింది అని ఎవరైనా అడిగితే వాళ్లకు పొగరని తేల్చేయాలి. అడక్కుండా ‘అవును, అది చెత్త భాష’ అన్నవాళ్లే మన మనుషులు.

ఆర్ అంటే గణాంకాల పని చేసే ప్రోగ్రామింగ్ భాష. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990ల మొదట్లో రాయడం మొదలుపెట్టారు. 1995లో సోర్స్ కోడ్‌తో సహా ఊరందరికీ ఇచ్చేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఇప్పుడు దాన్ని చూసుకునేది ఇరవై మంది దాకా ఉన్న ఒక బృందం. అందులో ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పే దీపాయన్ సర్కార్ కూడా ఉన్నారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ‘కంపెనీ మీద కంప్లైంట్ పెడతా’ అని బెదిరించేవాళ్లు ఇంకా ఉన్నారు. కంపెనీ లేదు బాబూ. కస్టమర్ కేర్ లేదు. తెరిచిన ప్రతిసారీ ఆ ప్రోగ్రామ్ పెద్దక్షరాల్లో ‘దీనికి ఎలాంటి హామీ లేదు’ అని ముందే చెప్పుకుంటుంది. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ కనబడని నిజాయితీ అది.

ఇక బస్తర్ సంగతి. గోదావరి అవతల మనకు కూతవేటు దూరంలో ఉన్న ఆ నేల మీద పరిశోధన చేయని వాడు లేడు. మలేరియా మీద ఒకరు, అడవి మీద ఒకరు, వలస మీద ఒకరు. అందరి చేతిలోనూ ఒక జనగణన ఫైలు, లాప్‌టాప్‌లో ఆర్. ఆ రెండూ కలిసిన చోట ‘బగ్గులు’ పుట్టకుండా ఉండవు.

మొదటి బగ్గు: బస్తర్ జనాభా కూలిపోయింది. 1991, 2001, 2011 జనగణనల నుంచి ‘బస్తర్’ వరస తీసి గ్రాఫ్ గీయమంటే, మొదటి పదేళ్లలో గీత పాతాళానికి దిగుతుంది. మనవాడు గుడ్లు తేలేసి, ఆర్‌లో టైమ్ సిరీస్ సరిగా లేదని ప్రకటిస్తాడు. నిజానికి 1991లో బస్తర్ అంటే కేరళ రాష్ట్రం కంటే పెద్ద జిల్లా. 1998లో దాన్ని కోసి కాంకేర్, దంతెవాడలను విడదీశారు. 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్. 2012లో కొండాగావ్, సుక్మా. ఏడు ముక్కలు. ఆ మధ్యలోనే, 2000 నవంబర్ 1న, రాష్ట్రం కూడా మారి ఛత్తీస్‌గఢ్ అయింది. జిల్లా పేరు మాత్రం ‘బస్తర్’ అనే ఉంది కదా అని మనవాడు నమ్మాడు. రాజులు పోయారు, రాష్ట్రాలు మారాయి, సరిహద్దులు జరిగాయి, తప్పు మాత్రం ఆక్లాండ్ వాళ్లది.

రెండోది ఇంకా రుచిగా ఉంటుంది. ‘బస్తర్’ అనే మాట ఉన్న జిల్లాలు వెతికి పెట్టమని ఆర్‌లో అక్షరాలు వెతికే గ్రెప్‌ను అడిగితే మూడు తెచ్చి ముందు పెడుతుంది. ఎందుకంటే 2011 జనగణన పట్టికలో దంతెవాడ అసలు పేరు దక్షిణ్ బస్తర్ దంతెవాడ, కాంకేర్ పేరు ఉత్తర్ బస్తర్ కాంకేర్. అడిగింది అడిగినట్టు తెచ్చినందుకు గ్రెప్‌కు చీవాట్లు. అదే మనిషి పది నిమిషాల తర్వాత, ఆరోగ్యశాఖ ఫైల్లో ఉన్న ఉత్త ‘దంతెవాడ’ను ఈ పొడుగుపేరుతో కలపబోతాడు. కలవదు. మళ్లీ చీవాట్లు. ఉన్న అక్షరాలు వెతికితే ఎక్కువ తెచ్చిందని ఒక బగ్గు, లేని అక్షరాలు ఊహించలేదని ఇంకో బగ్గు.

బీజాపూర్ అయితే ఏకంగా నాలుగై కూర్చుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక బీజాపూర్ ఉంది. కర్ణాటకలో ఇంకొకటి ఉండేది, 2014లో విజయపుర అయింది. 2011 పట్టికల్లో రెండూ బీజాపూర్లే. రాష్ట్రం పేరు పట్టించుకోకుండా జిల్లా పేరొక్కటే చూసి రెండు పట్టికలను మెర్జ్ చేయమంటే, ఇక్కడి రెంటినీ అక్కడి రెంటితో జతకట్టి నాలుగు వరసలు ఇస్తుంది. గోల్ గుంబజ్ ఉన్న ఊరికి ఇంద్రావతి అడవుల మలేరియా అంటుకుంటుంది. బిలాస్‌పూర్ కథ కూడా ఇదే: హిమాచల్‌లో ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లో ఒకటి. ‘మెర్జ్ వరసలను డబుల్ చేస్తోంది’ అని ఫిర్యాదు రాసేవాడు ఒక్కసారి ఆ నాలుగు వరసలను కళ్లతో చూస్తే చాలు. చూడడు. చూస్తే బగ్గు చచ్చిపోతుందని భయం.

సుక్మా మాయమైపోవడం కూడా ఈ ఖాతాలోనే రాసుకోండి. 2012లో పుట్టిన జిల్లా 2011 జనగణనలో ఎలా ఉంటుంది? అందులోని కోంటా (మన కుంట) తాలూకా అప్పట్లో దంతెవాడ కింద ఉండేది. ఇది తెలుసుకోవడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, కుంట బస్టాండులో ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు.

నారాయణ్‌పూర్‌కు జరగగల అన్యాయం మాత్రం వీటన్నిటినీ మించింది. జిల్లాలకు రెండక్షరాల కోడ్లు పెట్టుకునే అలవాటున్నవాడు దీనికి ఇంగ్లీషులో మొదటి రెండక్షరాలు, ‘ఎన్‌ఏ’, పెట్టాడనుకుందాం. సీఎస్‌వీ ఫైలు చదివేటప్పుడు ఆర్ ఆ రెండక్షరాలను ‘సమాచారం లేదు’ అని అర్థం చేసుకుంటుంది. ఫైలు తెరవగానే జిల్లా ఖాళీ. నమీబియా దేశపు కోడ్‌కు ఇదే గతి పడుతుందని ప్రపంచమంతా తెలిసిన విషయమే. కానీ ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఆ జిల్లాలోనే అబూజ్‌మాఢ్ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు రెవెన్యూ సర్వే అడుగుపెట్టని కొండలు అవి. 2017లో గానీ ఆ పని మొదలుకాలేదు. అంటే ‘సమాచారం లేదు’ అన్న ఆర్, పొరపాటున ప్రభుత్వ రికార్డుల కంటే నిజం పలికింది. దాని మీదా బగ్గు రాస్తారు.

ఇక లక్ష అని టైపు చేస్తే 1ఇ+05 అని చూపిస్తుందని గగ్గోలు పెట్టేవాళ్లను ఏమనాలి? పొట్టిగా రాయడం దానికి అలవాటు. వద్దంటే మార్చుకునే సెట్టింగ్ ఉంది. పది లక్షలకూ, మిలియన్‌కూ, సున్నాల మధ్య కామాలకూ సర్దుకుపోయినవాళ్లకు ఇదొక్కటే మింగుడుపడలేదు.

అయితే ఆర్‌ను వెనకేసుకొచ్చే అవతలి పక్షాన్ని కూడా వదలకూడదు. వాళ్లకూ ఒక మంత్రం ఉంది: ‘ఇది బగ్ కాదు, డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది.’ అక్షరాలున్న ప్రతి కాలమ్‌నూ చెప్పాపెట్టకుండా ఫ్యాక్టర్ అనే వింత వేషంలోకి మార్చేసే అలవాటు ఆర్‌కు చాలా ఏళ్లు ఉండేది. ఊళ్ల పేర్లు అంకెలైపోయి, ఆ అంకెల మీద జనం సగటులు తీసి, ఎన్ని థీసిస్‌లలో ఎన్ని వింతలు దాగి ఉన్నాయో పైవాడికే తెలియాలి. అడిగినప్పుడల్లా ‘రాసే ఉంది కదా’ అన్నారు. చివరికి 2020 ఏప్రిల్‌లో 4.0.0 వెర్షన్‌తో మానుకున్నారు. రాసి ఉంటే తప్పు కాదనేది రిజిస్ట్రార్ ఆఫీసు న్యాయం. బాండు కాగితం వెనకవైపు చిన్నక్షరాల్లో కూడా అన్నీ రాసే ఉంటాయి.

అసలైన బగ్గు చెప్పే తీరు ఎలా ఉంటుందో చూడాలంటే 2018 నాటి సంగతి ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో ఫిలిప్ స్టార్క్, కెల్లీ ఒటోబోనీ అనే ఇద్దరు, ఆర్‌లో శాంపిల్ తీసే పద్ధతి అందరికీ సమాన అవకాశం ఇవ్వడం లేదని చెప్పారు. యాదృచ్ఛిక సంఖ్యను జనాభాతో గుణించి, దశాంశం కొట్టేసి, ఒకటి కలిపే ఆ లెక్కలో కొన్ని సంఖ్యలకు రవ్వంత మొగ్గు వస్తుంది. జనాభా పెరిగేకొద్దీ ఆ మొగ్గు పెరుగుతుంది. ఎక్కడ, ఎందుకు, ఎంత, ఎలా దిద్దాలి, అన్నీ రాశారు. 2019 ఏప్రిల్‌లో 3.6.0 వెర్షన్ ఆ పద్ధతిని మార్చేసింది. పాత ఫలితాలు మళ్లీ కావాలనుకునేవారికి పాత పద్ధతినీ ఒక సెట్టింగ్ కింద ఉంచింది. ఎవరూ ‘అర్జంట్’ అనలేదు. ఆర్ ప్రశ్నోత్తరాల పుస్తకం కూడా కోరేది ఇంతే: మీ ఊహలు వద్దు, జరిగింది చెప్పండి. తప్పు మళ్లీ చేసి చూపించగల నాలుగు లైన్ల కోడ్, వెర్షన్ వివరం. అది ప్యాకేజీలో తప్పయితే ఆ ప్యాకేజీ రాసినవాళ్లకు చెప్పండి. బగ్గులు నమోదు చేసే చోట స్పామ్ బెడద వల్ల 2016 నుంచి ఖాతా కోసం విడిగా అడగాల్సి వస్తోంది. అంత ఓపిక ఉన్నవాడి బగ్గు సాధారణంగా బగ్గే అయి ఉంటుంది.

ఇప్పుడు నా కడుపుమంటకు అసలు కారణం. నిజంగా మన మెడకు చుట్టుకున్న బగ్గు ఒకటి ఏళ్ల తరబడి ఉండేది. తెలుగు లిపి 1991లోనే, యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే చోటు సంపాదించుకుంది. కానీ విండోస్ వ్యవస్థ మొత్తానికి వాడే పాత పద్ధతి కోడ్ పేజీల్లో, అంటే అక్షరాల పట్టికల్లో, తెలుగుకు ఒకటి కేటాయించలేదు. విండోస్‌లో ఆర్ ఆ కోడ్ పేజీల మీదే బండి నడిపేది. దాంతో ‘కుంట’ అని ఉన్న పట్టికను అచ్చు వేయమంటే <యు+0సి15><యు+0సి41><యు+0సి02><యు+0సి1ఎఫ్> అని వచ్చేది. ఒక ఊరి పేరుకు ఇంత పొడుగు ఖైదీ నంబరు! లినక్స్ వాడేవాళ్లకు ఈ గొడవ లేదు, కానీ మన కాలేజీ ల్యాబుల్లో లినక్స్ ఎక్కడిది? హిందీ, తమిళం, కన్నడం కూడా అదే జైల్లో ఉండేవి. ఆర్ కోర్ బృందంలోని టోమాష్ కాలిబెరా ఏళ్ల పాటు కుస్తీ పట్టి, పునాది దాకా తవ్వి మార్చాక, 2022 ఏప్రిల్‌లో 4.2.0 వెర్షన్‌తో విండోస్ 10 కొత్త రకాల్లో ఆ గొలుసులు తెగాయి.

ఈలోపు మనమేం చేశాం? సర్దుకుపోయాం. డోర్నపాల్‌ను, భోపాలపట్నాన్ని, చింతూరును ఇంగ్లీషు అక్షరాల్లోకి దింపేశాం. ఒకరు ‘కోంటా’ అని, ఒకరు ‘కొంట’ అని, ఇంకొకరు ‘కుంట’ అని రాశారు. ఆ మూడూ వేర్వేరు ఊళ్లై కూర్చున్నాక, కలవడం లేదని మళ్లీ మెర్జ్‌నే తిట్టాం. సరిహద్దు గ్రామాల్లో దోర్లా వాళ్లు, కోయ వాళ్లు తమ ఊరిని ఏమని పిలుస్తారో ఆ ఫైలులో కనబడదు. కనబడాలని అడిగినవాళ్లూ నాకు తారసపడలేదు. కోపం మనకు తక్కువేమీ కాదు. అది ఎప్పుడూ తప్పు లేని చోటికే వెళ్తుంది, అంతే.

పని పూర్తయిందనుకోకండి. ఆర్‌లో మామూలు పీడీఎఫ్ దారిలో గ్రాఫ్ దాచండి, తెలుగు పేర్లున్న చోట చుక్కలు చూపిస్తుంది. అలంకారం కాదు, అక్షరాల బదులు నిజంగానే చుక్కలు పెడుతుంది, పెట్టానని హెచ్చరిక కూడా ఇస్తుంది. కైరో అనే ఇంకో దారి ఉందని హెల్ప్ పేజీ చెబుతుంది. మనవాడు హెచ్చరికా చదవడు, హెల్పూ చదవడు. మ్యాపు మీద ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి, గైడుగారి చేత సంతకం పెట్టించుకుని, థీసిస్ బైండింగ్‌కు ఇచ్చేస్తాడు. ఆ సాయంత్రమే టీ తాగుతూ, బీజాపూర్ నాలుగుసార్లు వచ్చిందని, ఇలాంటి భాషను సైన్సుకు ఎలా వాడతారని జూనియర్లకు క్లాసు పీకుతాడు.